క్షీణత, విచ్ఛిత్తి: భూగర్భజల కాలుష్యం గురించిన ఒక భావన చరిత్ర

వ్యాస సంగ్రహం:
భూగర్భజలంలో చేరిన రసాయనాలు మనిషి ప్రమేయం లేకుండానే కాలక్రమంలో విచ్ఛిన్నమవుతాయన్న భావన 20వ శతాబ్దపు చివరి పాతికేళ్లలో శాస్త్రంగా, ఆ వెంటనే ప్రభుత్వ విధానంగా రూపుదిద్దుకుంది. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో బెమిజి పట్టణ సమీపాన 1979లో జరిగిన ముడిచమురు ప్రమాదాన్ని, అక్కడ 1983 నుంచి సాగిన అధ్యయనాన్ని ప్రధానాధారంగా చేసుకుని ఆ భావన చరిత్రను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ‘క్షీణత’, ‘విచ్ఛిత్తి’ అనే వేర్వేరు విషయాలను ఒకే మాట కింద చేర్చడం వల్ల తలెత్తిన చిక్కును చర్చిస్తుంది. ఆ చర్చ వెలుగులో తెలంగాణలోని పటాన్‌చెరు ప్రాంతాన్ని చూస్తుంది.

కీలకపదాలు: భూగర్భజలం, సహజ క్షీణత, విచ్ఛిత్తి, సూక్ష్మజీవులు, బెమిజి, పటాన్‌చెరు.

ఉపోద్ఘాతం:

ఒక బావి నీటిలో ఏదో విషపదార్థం ఈ ఏడాది లీటరుకు 100 మైక్రోగ్రాములు ఉండి, ఐదేళ్ల తరువాత 10కి తగ్గిందనుకుందాం. ఏం జరిగిందని చెప్పాలి? ఆ పదార్థం నశించి ఉండవచ్చు. వానలు బాగా కురిసి నీటిలో పలచబడి ఉండవచ్చు. మట్టి రేణువులను అంటిపెట్టుకుని నిలిచిపోయి ఉండవచ్చు. లేదా పక్క ఊరి బావివైపు జరిగిపోయి ఉండవచ్చు. నమూనా పట్టిన సీసాలో ఈ నాలుగింటికీ భేదం కనిపించదు. అంకె మాత్రం అన్నింటికీ ఒకటే.

ఈ నాలుగింటినీ, మరికొన్నింటినీ కలిపి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరును తెలుగులో ‘సహజ క్షీణత’ అనవచ్చు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 1999లో ఇచ్చిన నిర్వచనంలో జీవ విచ్ఛిత్తి, వ్యాపనం, పలచబడటం, మట్టికి అంటుకోవడం, ఆవిరి కావడం, రేడియోధార్మిక క్షయం, రసాయన లేదా జీవక్రియల ద్వారా స్థిరపడటం లేక నశించడం, అన్నీ ఉన్నాయి. వీటిలో పదార్థపు అణువే ముక్కలై వేరొకటిగా మారడం ‘విచ్ఛిత్తి’. తక్కిన వాటిలో చాలావరకు పదార్థం ఉన్న చోటు మారుతుంది, పదార్థం మారదు. తెలుగులో ఈ విషయం రాయవలసివచ్చినప్పుడు ‘స్వయంశుద్ధి’ అనే మాట చేతికి సులభంగా అందుతుంది. పారే నీరు తనను తాను శుభ్రపరచుకుంటుందన్న మన పాత నమ్మకంతో అది చక్కగా అతుకుతుంది కూడా. అయితే శుద్ధి అన్నాక ఫలితం ముందే ఖాయమైపోతుంది, ఇక పరీక్షించవలసింది మిగలదు. అందుచేత ఈ వ్యాసంలో ఆ మాటను నదులకే పరిమితం చేశాను.

క్షీణతను విచ్ఛిత్తిగా పొరబడకుండా ఉండటానికి శాస్త్రజ్ఞులు ఏ ఆధారాలు సమకూర్చుకోవలసివచ్చింది, అందుకు ఎంత కాలం పట్టింది అన్నదే ఈ చరిత్రలో ముఖ్యాంశమని నా అభిప్రాయం.

నది నుంచి నేల అడుగుకు:

ఈ భావన మొదట నదుల దగ్గర పుట్టింది. అమెరికాలో ఒహైయో నదిని పరిశీలించిన స్ట్రీటర్, ఫెల్ప్స్ అనే ఇద్దరు 1925లో ప్రచురించిన నివేదిక దీనికి గణితరూపం ఇచ్చింది. మురుగు కలిసిన చోటు నుంచి దిగువకు పోయేకొద్దీ నీటిలోని ప్రాణవాయువు మొదట పడిపోతుంది. మురుగును తినే సూక్ష్మజీవులు దానిని వాడుకోవడమే అందుకు కారణం. ఆ తరువాత గాలి నుంచి ప్రాణవాయువు మళ్లీ కరిగి నది కోలుకుంటుంది. ఈ పతనాన్నీ, కోలుకోవడాన్నీ వారు ఒకే సమీకరణంలో చూపారు. నదికి ఇంత మురుగును మోసే శక్తి ఉందని లెక్కగట్టి, అంతమేరకు వదలవచ్చునన్న ఆలోచనకు ఈ గణితం ఊతమైంది. నది స్వభావాన్ని వర్ణించిన సూత్రం క్రమంగా నదికి కేటాయించిన పనిగా మారింది. భూగర్భజలం విషయంలోనూ సరిగ్గా ఇదే జరిగింది.

నేల అడుగున ఉన్న నీటికి నదికున్న వసతులు లేవు. పైన ఆకాశం లేదు, ఎండ లేదు. ఇసుక పొరల్లో సైతం అది చాలాచోట్ల రోజుకు కొన్ని సెంటీమీటర్లే కదులుతుంది. ఒకసారి ఖర్చయిన ప్రాణవాయువు మళ్లీ చేరడానికి ఏళ్లు పడుతుంది. అయినా మట్టి గొప్ప వడపోత అన్న భరోసా ఎంతోకాలం కొనసాగింది. ఆ భరోసాను కదిలించినవారిలో రేచల్ కార్సన్ ఒకరు. 1962 నాటి ‘సైలెంట్ స్ప్రింగ్’లో ఆమె డెన్వర్ సమీపంలోని రాకీ మౌంటెన్ ఆయుధ కర్మాగారం సంగతి చెప్పారు. యుద్ధరసాయనాలు, ఆ పిమ్మట కీటకనాశినులు తయారైన ఆ ఆవరణ నుంచి వ్యర్థాలు నేలలోకి ఇంకి, మైళ్ల దూరంలోని పొలాల బావులకు చేరాయి. మరింత విస్మయం కలిగించేది ఇంకొకటి ఉంది. ఆ కర్మాగారంలో ఎన్నడూ తయారుకాని 2,4-డి అనే కలుపునాశిని అక్కడి నీటిలో కనిపించింది. ఆరుబయటి వ్యర్థపు మడుగుల్లో గాలి, నీరు, ఎండ తోడై ఇతర వ్యర్థాల నుంచి అది తనంత తానే ఏర్పడిందని తేలినట్లు ఆమె పేర్కొన్నారు. ప్రకృతికి వదిలేస్తే రసాయనాలు విరగడమే కాదు, కొత్తవి కూర్చబడవచ్చు కూడా.

నేల పైపొర దాటితే సూక్ష్మజీవులు దాదాపు ఉండవన్న అభిప్రాయం 1970ల వరకు బలంగానే ఉంది. చమురును తినే బాక్టీరియా ఉన్నదని తెలియక కాదు. క్లాడ్ జొబెల్ 1946లోనే హైడ్రోకార్బన్ల మీద సూక్ష్మజీవుల చర్య గురించి సమగ్ర సమీక్ష రాశాడు. 1970ల తొలినాళ్లలో పెన్సిల్వేనియాలో పెట్రోలు కారిన ఒక చోట రిచర్డ్ రేమండ్ బావుల్లోకి గాలినీ, నత్రజని, భాస్వరం పోషకాలనూ పంపి అక్కడి బాక్టీరియా చేత పని చేయించాడు. కాని అది మనిషి తోడ్పాటుతో జరిగిన విచ్ఛిత్తి. తోడ్పాటు లేని చోట లోతున ఏముందో చూడాలంటే పైమట్టి కలవకుండా లోతు మట్టిని వెలికి తీయగలగాలి. ఓక్లహోమాలోని ఏడా పట్టణంలో ఉన్న ప్రభుత్వ ప్రయోగశాలకు చెందిన జాన్ విల్సన్, ఆయన సహచరులు ఆ పని చేసి, జలధారక పొరలో స్థానిక బాక్టీరియా సమృద్ధిగా ఉందని 1983లో ప్రకటించారు.

బెమిజి:

అదే 1983లో మరో చోట మరో పని మొదలైంది. అంతకు నాలుగేళ్ల ముందు, 1979 ఆగస్టు 20న, మిన్నెసోటా ఉత్తర భాగంలో బెమిజి పట్టణానికి సుమారు 16 కిలోమీటర్ల దూరాన ముడిచమురు పైపులైను పగిలింది. సుమారు 17 లక్షల లీటర్ల చమురు ఎగజిమ్మి చుట్టుపక్కల నేల మీద పడింది. తోడినంత తోడారు. కొంత కాల్చారు. నూనె పట్టిన మట్టిని తవ్వి తరలించారు. అంతా అయ్యాక సుమారు 4 లక్షల లీటర్లు నేలలోనే ఉండిపోయిందని అంచనా. హిమనదాలు వదిలివెళ్లిన ఇసుక గుండా దిగి, భూగర్భజల మట్టం మీద అది తెట్టులా తేలింది.

అమెరికా భూగర్భ సర్వేక్షణ సంస్థ పరిశోధకులు ఈ చోటును ఎంచుకోవడానికి తగిన కారణాలున్నాయి. ఒలికిన తేదీ తెలుసు. పదార్థం తెలుసు. పరిమాణం సుమారుగా తెలుసు. ఆ నీరు తాగే ఊరు దాపున లేదు కనుక తక్షణం ఏదో ఒకటి చేసి తీరవలసిన ఒత్తిడి లేదు. ఇంత స్పష్టమైన ఆరంభం ఉన్న సంఘటన చరిత్రకారులకు కూడా అరుదుగా దొరుకుతుంది. నీరు పోయే దిశ వెంబడి వరుసగా పరిశీలక బావులు వేసి, ఏడాదికేడాది నమూనాలు తీస్తూ పోయారు. ఒక ఏడాది కొలతను మరో ఏడాది కొలతతో పోల్చగలగడమే ఈ స్థలం విలువ.

ఆ బావులు చెప్పినది ఇది. చమురు నుంచి బెంజీన్, టోలీన్ వంటివి కరిగి నీటితో పాటు సాగుతాయి. బాక్టీరియా వాటిని ఆహారంగా తీసుకుంటుంది. మనం తిన్న అన్నాన్ని శక్తిగా మార్చుకోవడానికి ప్రాణవాయువు ఎలా అవసరమో, దానికీ అలాంటిదొకటి అవసరం. నీటిలోని ప్రాణవాయువు చమురుకు దగ్గరలో త్వరలోనే అయిపోయింది. అప్పుడు అదే పని మట్టిలోని మాంగనీసు, ఇనుము చేశాయి. ఇసుక రేణువులకు తుప్పురంగు పూతగా ఉన్న ఫెర్రిక్ ఇనుమును బాక్టీరియా వాడుకోగా, అది కరిగే రూపంలోకి మారి నీటిలోకి వచ్చింది. చమురుకు అతి సమీపాన ఆ ఇనుము కూడా తరిగాక, మీథేన్‌ను వెలువరించే సూక్ష్మజీవుల వంతు వచ్చింది. ఇలా చమురు చుట్టూ ఒకదాని వెలుపల ఒకటిగా మండలాలు ఏర్పడ్డాయి.

ఇనుము సాయంతో బెంజీన్ కుటుంబపు పదార్థాలు విరుగుతాయన్నది అప్పటికి నిరూపితం కాలేదు. డెరెక్ లవ్లీ, మేరీ జో బేడెకర్, ఇసబెల్ కొజరెలి తదితరులు 1989లో ‘నేచర్’ పత్రికలో ప్రచురించిన వ్యాసం ఆ లోటు తీర్చింది. బెమిజి బావుల కొలతలను ఒకవైపు, పొటోమాక్ నది అడుగు బురద నుంచి వేరుచేసిన ఒక బాక్టీరియా ప్రయోగశాలలో టోలీన్‌ను విచ్ఛిన్నం చేసిన తీరును మరోవైపు ఉంచి వారు వాదించారు. నాకు ఈ వ్యాసం ప్రత్యేకంగా నచ్చేది ఇందుకే. బావిలో అంకె తగ్గిందనడంతో వారు ఆగలేదు. తగ్గిన దానికి బదులుగా ఏది పెరగాలో అది పెరిగిందా అని అడిగారు. బెంజీన్ కుటుంబం తగ్గిన చోటే కరిగిన ఇనుము పెరిగింది. పలచబడటం మాత్రమే జరిగి ఉంటే అలా పెరగదు. ఉపోద్ఘాతంలో అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పే దారి ఇక్కడ దొరికింది.

మరో ఆధారం దూరం. ఏళ్లు గడిచినా, నీరు నడిచినంత దూరం బెంజీన్ నడవలేదు. దారిలోనే ఖర్చయిపోతూ వచ్చింది. అయితే ఆ ఇనుప పూత తరగని గని కాదు. ఒకచోట ఖర్చయితే బాక్టీరియాకు ఇంకా ముందున్న ఇసుకే శరణ్యం. కాబట్టి కాలుష్యపు అంచు నెమ్మదిగానైనా ముందుకు జరుగుతూనే ఉందని తరువాతి అధ్యయనాలు గుర్తించాయి. 1999–2004 మధ్య మళ్లీ చమురును తోడే ప్రయత్నం జరిగింది. అయినా నేలలో చమురు మిగిలే ఉంది.

సగంలో ఆగిన విచ్ఛిత్తి:

బెంజీన్ కథ ఒకటైతే, బట్టలను పొడిగా ఉతికే దుకాణాల్లో, లోహపు భాగాల జిడ్డు వదిలించే కర్మాగారాల్లో వాడిన క్లోరిన్ ద్రావణుల కథ వేరు. టెట్రాక్లోరోఎథిలీన్ అణువులో నాలుగు క్లోరిన్ పరమాణువులుంటాయి. ప్రాణవాయువు లేని చోట బాక్టీరియా వాటిని ఒక్కొక్కటిగా తీసివేస్తుంది. మూడు, రెండు, ఒకటి. ఒక క్లోరిన్ మిగిలిన ఆ పదార్థమే వినైల్ క్లోరైడ్. మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని రూఢిగా తెలిసిన విషం అది. ఈ మెట్ల వరుసను స్టాన్‌ఫోర్డ్‌లో వోగెల్, మెకార్టీ 1985లో వివరించారు. చివరి క్లోరిన్‌ను కూడా తొలగించి నిరపాయకరమైన ఎథిలీన్ వరకు తీసుకుపోగల ఒక బాక్టీరియాను కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మురుగునీటి బురద నుంచి వేరుచేసి 1997లో ప్రకటించారు. అటువంటి సూక్ష్మజీవి లేని నేలలో విచ్ఛిత్తి నడిమెట్టు మీదే ఆగిపోవచ్చు. అప్పుడు మొదటి పదార్థాన్ని మాత్రమే కొలిచే ప్రయోగశాల నీరు బాగుపడిందనే నివేదిక ఇస్తుంది.

విధానంగా మారిన శాస్త్రం:

కలుషిత స్థలాల శుభ్రతకు అమెరికా 1980లో చట్టం చేసింది. దాని కింద సాధారణంగా అనుసరించిన పద్ధతి నీటిని పైకి తోడి శుద్ధిచేయడం. ఖర్చు విపరీతం. 1994లో ఆ దేశపు జాతీయ పరిశోధన మండలి అటువంటి 77 స్థలాలను సమీక్షిస్తే, 69 చోట్ల లక్ష్యం నెరవేరలేదు. పంపులు ఏళ్లతరబడి తిరిగాయి, మట్టికి అంటుకున్న విషం మళ్లీ మళ్లీ నీటిలోకి ఊరింది. ఇటువంటి అలసట ఉన్నప్పుడు ప్రకృతే ఆ పని చేస్తుందన్న మాట ఎవరికి రుచించదు?

మరుసటి ఏడాది, 1995లో, లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాల కాలిఫోర్నియాలో పెట్రోలు ట్యాంకులు కారిన 271 చోట్ల సమాచారాన్ని విశ్లేషించింది. బెంజీన్ వ్యాప్తి అధికభాగం సుమారు 250 అడుగుల లోపే ఆగిపోయిందని తేల్చి, తక్కువ ప్రమాదమున్న చోట్ల ప్రకృతికి వదలవచ్చునని సూచించింది. బెంజీన్ వరకు ఆ తీర్పు సరైనదే. దానిని పెట్రోలుకంతటికీ వర్తింపజేయడంలోనే పొరపాటుంది. సీసానికి మారుగా అమెరికా పెట్రోలులో 1979 నుంచి కలుపుతూ వచ్చిన ఎంటీబీఈ అనే పదార్థం నీటిలో సులభంగా కరుగుతుంది, మట్టికి అంతగా అంటుకోదు, విరగడం బహు నెమ్మది. 1996 నాటికి అదే కాలిఫోర్నియాలోని శాంటా మోనికా నగరం ఎంటీబీఈ చేరిన తన తాగునీటి బావులను మూసివేయవలసివచ్చింది. ఒక పదార్థం చరిత్రను మరొక పదార్థానికి పూచీగా చూపరాదనడానికి ఇంతకన్న చేరువ ఉదాహరణ అక్కరలేదు.

పర్యావరణ పరిరక్షణ సంస్థ 1999 ఏప్రిల్‌లో వెలువరించిన ఆదేశపత్రం ఈ వాదోపవాదాల ఫలితం. సహజ క్షీణతకు ముందు ‘పర్యవేక్షిత’ అనే విశేషణం అందులో అనివార్యమైంది. ఇది ఏమీ చేయకపోవడం కాదని ఆ పత్రం పదే పదే చెప్పుకోవలసివచ్చిందంటే, జనం దానిని అలాగే అర్థం చేసుకున్నారన్నమాట. కాలుష్యం తగ్గుతున్నట్లు చాలాకాలపు కొలతలు, ఆ తగ్గుదలకు కారణం చూపే నేలలోని రసాయన సాక్ష్యం, అవసరమైన చోట సూక్ష్మజీవులతో నేరుగా చేసిన ప్రయోగం, ఇలా మూడు విధాల ఆధారాలను అది కోరింది. మరుసటి సంవత్సరం జాతీయ పరిశోధన మండలి మరింత కటువుగా మాట్లాడింది. బెంజీన్ కుటుంబం వంటి కొద్దిపాటి పదార్థాల విషయంలో మాత్రమే ఈ పద్ధతి బాగా స్థిరపడిందని, చాలా కాలుష్యాల విషయంలో దానిపై ఆధారపడేందుకు తగిన జ్ఞానం లేదని అభిప్రాయపడింది. చట్టపు భాషలో చేరిన ఆ ఒక్క విశేషణం వెనుక బెమిజి వంటి చోట్ల నింపిన వేలకొద్దీ నమూనా సీసాలున్నాయి.

మళ్లీ బెమిజి: ఆర్సెనిక్:

ఇంతటి అధ్యయనం తరువాత కూడా బెమిజి కొత్త విషయం చెప్పింది. అక్కడి ఇసుకలో సహజంగానే స్వల్పంగా ఆర్సెనిక్ ఉంది. అది ఇనుప పూతను అంటిపెట్టుకుని కదలకుండా ఉండేది. చమురును తినే క్రమంలో బాక్టీరియా ఆ పూతను కరిగించినప్పుడు, దానితో పాటే ఆర్సెనిక్ కూడా నీటిలోకి విడుదలైంది. కొజరెలి బృందం 2016లో ప్రచురించిన వ్యాసం ప్రకారం కలుషిత జలంలో అది లీటరుకు 230 మైక్రోగ్రాముల దాకా చేరింది. తాగునీటికి అనుమతించిన పరిమితి 10. ఈ ఆర్సెనిక్ చమురుతో వచ్చినది కాదు. విచ్ఛిత్తి విజయవంతంగా సాగడం వల్ల వచ్చినది. కాలుష్యపు అంచున ఇనుప పూత ఇంకా మిగిలిన ఇసుకకు అది తిరిగి అంటుకుంటుంది కాబట్టి ప్రస్తుతానికి దూరం పోవడం లేదు. ఆ పూత ఎన్నాళ్లుంటుందన్నది వేరే ప్రశ్న.

1989లో విచ్ఛిత్తికి సాక్ష్యంగా నిలిచిన ఇనుమే, పాతికేళ్ల తరువాత దాని దుష్ఫలితానికి కూడా కారణమై కనిపించింది. 1990ల మధ్యలో కొలతలు చాలించి ఉంటే బెమిజి నిష్కళంకమైన విజయగాథగానే పాఠ్యపుస్తకాల్లో మిగిలేది.

పటాన్‌చెరు:

తెలుగునాట ఈ చర్చకు సహజంగా గుర్తుకు వచ్చే చోటు పటాన్‌చెరు. 1970ల నుంచి పెరిగిన పారిశ్రామికవాడ వ్యర్థజలాలు మంజీరలో కలిసే నక్కవాగును, దాని వెంట ఉన్న గ్రామాల బావులను పాడుచేసిన ఉదంతం 1990లో సుప్రీంకోర్టుకు చేరింది. 2007లో స్వీడన్‌కు చెందిన జోకిమ్ లార్సన్ బృందం, ఔషధ కర్మాగారాల వ్యర్థాలను స్వీకరించే అక్కడి శుద్ధికేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు చూపింది. 2009లో జెర్కర్ ఫిక్, లార్సన్ తదితరులు ఆ ప్రాంతపు గ్రామాల బావుల్లో కూడా సిప్రోఫ్లాక్సాసిన్, సెట్రిజిన్ వంటి మందులను గుర్తించారు.

పరిశ్రమలను కట్టడి చేస్తే చాలు, బావులు కాలక్రమాన అవే బాగుపడతాయన్న మాట ఇటువంటి చోట్ల తరచు వినిపిస్తుంది. పై చరిత్ర చదివినవారు ఆ మాటను మూడు చోట్ల నిలదీయవలసి ఉంటుంది. మొదటిది నేల. బెమిజిది ఇసుక. పటాన్‌చెరుది గ్రానైటు. అక్కడ నీరు శిథిలమైన పైరాతిలోనూ, దాని కింది పగుళ్లలోనూ ఉంటుంది. పగులు ఎటు పోతే నీరు అటు పోతుంది. ఒక బావిలో కాలుష్యం తగ్గిందని పక్క బావి గురించి ఏమీ చెప్పలేం. బావుల వరుసతో బెమిజిలో చేసిన వాదనను ఇక్కడ యథాతథంగా చేయడానికి వీలులేదు.

రెండవది పదార్థం. పారిశ్రామిక వ్యర్థజలాల్లో పెద్ద భాగం కరిగిన లవణాలు. లవణంలో విరగడానికి ఏమీ లేదు. సోడియం సోడియంగానే, క్లోరైడు క్లోరైడుగానే ఉంటుంది. ఏ బాక్టీరియాకూ అది ఆహారం కాదు. లోహాలూ అంతే. వాటి విషయంలో క్షీణత అంటే పలచబడటం, అంటుకోవడం, మరో చోటుకు పోవడం మాత్రమే. వ్యవసాయానికి పనికిరాకుండా పోయిన బావి రైతుకు ఈ భేదం పుస్తకాల్లోది కాదు. విచ్ఛిత్తి అయితే ఎదురుచూడటంలో అర్థముంది, లవణమైతే మంచి నీరు వచ్చి దానిని తోసివేయాలి, తోసినది దిగువనున్న మరొకరి బావి దారి పట్టవచ్చు.

మూడవ విషయం గురించి చాలా తక్కువగా ఆలోచించామని నాకనిపిస్తుంది. ఈ వ్యాసంలో చెప్పిన విచ్ఛిత్తి అంతా బాక్టీరియా వంటి సూక్ష్మజీవుల పని. సిప్రోఫ్లాక్సాసిన్ తయారైనది బాక్టీరియాను చంపడానికి. అది చేరిన నీటిలో, దానికి తట్టుకుని నిలిచే బాక్టీరియా ప్రబలుతుంది. అటువంటి నిరోధకత గురించి పటాన్‌చెరులో విస్తృతంగానే పరిశోధించారు. కాని అలా మిగిలిన బాక్టీరియాకు నీటిలోని తక్కిన రసాయనాలను విరిచే సామర్థ్యం ఎంత మిగిలింది అన్నది వేరే ప్రశ్న. దానికి సమాధానం వెదకాలంటే అవే బావుల దగ్గరకు ఏటా వెళ్లాలి. విషపదార్థంతో పాటు ప్రాణవాయువును, ఇనుమును, మాంగనీసును, మీథేన్‌ను, విరిగిన ముక్కలను కూడా కొలవాలి. బెమిజి మండలాలను గుర్తుపట్టడానికి అక్కరకు వచ్చిన కొలతలు ఇవే.